బెంజ్ సర్కిల్ దాటిపోతున్న కొండ

విజయవాడలో సమావేశం ముగించుకుని బందరు బస్సు కోసం బెంజ్ సర్కిల్ దగ్గర నిలబడేసరికి రాత్రి పదకొండు దాటింది. ఫ్లైఓవర్ కింద నలుగురం ఉన్నాం. మా ముందు నుంచి ఎర్రమట్టి టిప్పర్లు ఒకదాని వెనుక ఒకటి పోతున్నాయి. పరదా కప్పినవి కొన్ని, కప్పనివి ఎక్కువ. మొదట సరదాకి లెక్కపెట్టాం, కాసేపటికి మానేశాం. మమ్మల్ని బస్సెక్కించడానికి వచ్చిన మైలవరం వైపు మామిడి రైతు ఒకాయన, "ఇదంతా మా కొండేనండీ, మీ పొలాల్లోకి పోతోంది" అన్నాడు. కంకిపాడు దగ్గర వరి పండించే మరొకాయన వెంటనే, "పొలాల్లోకి కాదండీ, పొలాల మీదికి" అన్నాడు. ప్లాట్లకు మెరక తోలుతున్నారు కదా, అదీ సంగతి.

ఆ మాటే ఈ నెల మా చేత ఇది రాయించింది. డిసెంబరు 5 ప్రపంచ నేల దినోత్సవం. ఆ రోజు సభలు పెడతారు, భూసార పరీక్షల గురించి చెబుతారు, ఫొటోలు తీసుకుంటారు. మంచిదే. కానీ మన నేలకు పుట్టిల్లయిన అడవి మట్టి గురించి ఎవరూ మాట్లాడరు. సంఘంగా మనమూ మాట్లాడలేదు. ఇన్నేళ్ళుగా మనమిచ్చిన వినతిపత్రాల్లో నీరుంది, గిట్టుబాటు ధర ఉంది, కౌలు రైతు కార్డు ఉంది, అప్పు ఉంది. కొండ మీది మట్టి ఒక్కసారీ లేదు. అడవి అంటే గిరిజనుల సమస్య, అటవీ శాఖ సమస్య అనుకుని పక్కన పెట్టాం. అది మన పొరపాటు.

కొండపల్లి, మైలవరం వైపు గ్రావెల్ తవ్వి వదిలేసిన గుంటలు కనిపిస్తాయి. ఒకసారి ఆ అంచున నిలబడి నిలువు గోడను చూడండి. అడుగున గట్టి రాయి. దాని మీద, చేత్తో నలిపితే పొడయ్యేంత మెత్తబడిన రాయి. ఆపైన గ్రావెల్. దాని మీద ఎర్రమట్టి. అన్నిటికన్నా పైన, చెట్ల వేళ్ళు అల్లుకున్న చోట, బెత్తెడో జానెడో మందాన ముదురు రంగు పొర. తవ్వేవాళ్ళకు కావలసింది మధ్యలో ఉన్న గ్రావెల్. పైపొర వాళ్ళకు చెత్త. పొక్లెయిన్‌తో ముందు దాన్నే గీకి పక్కన పారేస్తారు. అడవిని నిలబెట్టేది ఆ చెత్తే.

ఆ పొర ఒక్కనాటిది కాదు. మన కొండల మీద చెట్లు చలి తగ్గి ఎండ ముదిరే రోజుల్లో ఆకు రాలుస్తాయి. వేసవంతా ఆ ఆకు నేలకు దుప్పటిలా ఉంటుంది. ముందుగా పనిలోకి దిగేది చెదపురుగు. చెద అంటే మనకు ఇంటి దూలాలకు శత్రువు. అడవిలో మాత్రం ఎండు కట్టెను, ఆకును నమిలి మట్టిలోకి దింపేదీ, అడుగునున్న మెత్తటి మన్నును పైకి తెచ్చి పుట్ట కట్టేదీ అదే. మనవాళ్ళకు ఈ సంగతి ఎప్పటి నుంచో తెలుసు. పెళ్ళిలో పాలికల్లో నవధాన్యాలు మొలకెత్తించడానికి పుట్టమన్నే తెస్తాం కదా.

తొలకరి పడగానే బూజు లేస్తుంది. రాలిన ఆకుల కింద చెయ్యి పెట్టి లేపితే తెల్లటి సన్నటి దారాలు కనిపిస్తాయి. ఆ శిలీంధ్రాల దారాలు చెట్ల వేళ్ళను చుట్టుకుని, వేరు దూరలేని సందుల్లోకి కూడా పోయి, నీటినీ భాస్వరాన్నీ లాక్కొచ్చి వేరుకు అందిస్తాయి. బదులుగా చెట్టు తాను వండుకున్న చక్కెరలో వాటా పెడుతుంది. వానపాములు, జెర్రులు, కంటికి కనపడని సూక్ష్మజీవులు మిగతా పని చేస్తాయి. వేళ్ళ నుంచీ కుళ్ళే ఆకు నుంచీ ఊరే పులుపు అడుగున రాయిని కొద్దికొద్దిగా తింటుంది. పైనుంచి ఆకు కుళ్ళి దిగుతుంది, కిందనుంచి రాయి మెత్తబడి వస్తుంది, ఆ రెండూ కలిసిన చోట మట్టి పుడుతుంది. అంగుళం మందం తయారు కావడానికి వందల ఏళ్ళు పడుతుంది, కొన్నిచోట్ల వెయ్యేళ్ళు. పొక్లెయిన్‌కు అర నిమిషం చాలు.

మట్టి అంటే రాతిపొడి కాదనీ, రాయి, వాతావరణం, జీవులు, నేల వాలు, కాలం అన్నీ కలిసి కన్న బిడ్డ అనీ రష్యాలో దొకుచాయెవ్ అనే శాస్త్రవేత్త 1883లో తన పరిశోధనతో నిలబెట్టాడు. మన దేశంలో ఇండోర్‌లో పనిచేసి, ఇక్కడి రైతుల దగ్గర ఎరువు కుప్పల సంగతి నేర్చుకున్న ఆల్బర్ట్ హోవార్డ్ 1940లో రాసిన పుస్తకంలో వ్యవసాయం గురించి చెప్పబోతూ ముందుగా అడవినే చూపించాడు. అక్కడ దున్నేవాడు లేడు, యూరియా బస్తా లేదు, అయినా సత్తువ తరగదు. మన పెద్దలు పుస్తకం చదవకుండానే ఆ పని చేశారు. కానుగ, వేప కొమ్మలు నరికి తెచ్చి దమ్ములో తొక్కించేవారు. మెట్ట ఊళ్ళలో పశువులు పగలు కొండ మీద మేసి రాత్రి చేలో మంద కట్టేవి. కొండ సత్తువ అలా నడిచి చేలోకి వచ్చేది.

డెల్టా రైతుకు దీనితో ఏం పని అని అడగవచ్చు. మన పాస్‌బుక్‌లో సర్వే నంబరు ఉంటుంది గానీ మన మట్టి సొంత ఊరు ఏదో రాసి ఉండదు. కృష్ణ మహాబలేశ్వర్ దగ్గర పడమటి కనుమల అడవుల్లో పుట్టి 1400 కిలోమీటర్లు నడిచి హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తుంది. దారిలో బసాల్ట్ అనే నల్లరాయి మీద పుట్టిన మట్టిని భీమ తెచ్చి కలిపింది. తుంగభద్ర కన్నడ అడవుల మట్టిని తెచ్చింది. తర్వాత నల్లమల మధ్యగా వచ్చింది. దివిసీమలో, గుడివాడలో, తెనాలిలో మనం దున్నుతున్న నల్లరేగడి, ఒండ్రు ఇలా వేల ఏళ్ళుగా ఎక్కడెక్కడి కొండల నుంచో దిగివచ్చినవే. అడవి ఉన్న కొండ మట్టిని ఒక్కసారిగా వదలదు. కొద్దికొద్దిగా, మెత్తటిదాన్ని మాత్రమే వదులుతుంది. డెల్టాను మేట వేసింది ఆ కొద్దికొద్దే. జూన్, జూలైలో కాలవల్లో కొత్తనీరు బురదబురదగా వచ్చేదనీ, ఆ నీరు పారిన చేను వేరుగా ఉండేదనీ మా పెద్దవాళ్ళు చెప్పేవారు. ఇప్పుడు కాలవలో వచ్చే నీరు చాలావరకు తేట నీరు. అందులో పిండి లేదు.

ఆ పిండి ఎక్కడుందో లెక్కలు చెబుతాయి. తుంగభద్ర జలాశయం కట్టిన నాడు పట్టింది 133 టీఎంసీలు, ఇప్పుడు 105 చిల్లర. శ్రీశైలం 308 నుంచి 215కు వచ్చింది. నాగార్జునసాగర్ 408 నుంచి 312కు. మూడింటిలోనూ కలిపి 200 టీఎంసీలకు పైగా జాగాను పూడిక తినేసింది. మన ప్రకాశం బ్యారేజీ మొత్తంగా పట్టేది 3 టీఎంసీలు, పోల్చి చూసుకోండి. ప్రపంచంలోని డెల్టాల మీద 2009లో వచ్చిన ఒక అధ్యయనం, కృష్ణ డెల్టాకు చేరే ఒండ్రు తొంభై శాతానికి పైగా తగ్గిపోయిందని చెప్పింది.

డ్యాములు కట్టకుండా ఉండాల్సిందని మేము అనడం లేదు. 1967లో సాగర్ నీళ్ళు వదిలాక ఎన్ని కుటుంబాలు అన్నం తిన్నాయో మాకు తెలుసు. మేము చెప్పేది వేరు. పైన అడవి నరికిన వాలుల్లో మట్టి అడవి వదిలే వేగానికి ఎన్నో రెట్లు కోసుకుపోతోంది. అది డ్యాముల్లో కూరుకుపోతోంది. పైన కోత పెరిగింది, కింద మేట ఆగింది. రెండు విధాలా నష్టపోయేది రైతే. దివిసీమ చివర నాగాయలంక, కోడూరు వైపు ఉప్పునీరు లోపలికి వస్తోందని, బోరు వేస్తే ఉప్పు కారుతోందని రైతులు మొత్తుకుంటున్నారు. మేట ఆగిన డెల్టా కుంగుతుంది, సముద్రం ముందుకొస్తుంది. దీనికి జిప్సం బస్తాలు మందు కాదు.

ఇక మన దగ్గరి కొండకు వద్దాం. 2024 సెప్టెంబరు 1న బుడమేరు విజయవాడను ముంచింది. సింగ్‌నగర్ జనం రోజుల తరబడి మేడల మీద ఉన్నారు. కట్టలకు పడ్డ గండ్లు, ఆక్రమణలు, చేయని మరమ్మతుల గురించి అందరూ మాట్లాడారు, మాట్లాడాల్సిందే. అంత వాన పడితే ఏ అడవీ మొత్తాన్ని ఆపలేదు, అది కూడా ఒప్పుకోవాలి. కానీ బుడమేరుకు నీళ్ళు వచ్చేది మైలవరం వైపు కొండల నుంచి. ఆకు దుప్పటి, వేళ్ళు, చెదపుట్టల బొరియలు ఉన్న నేల వానను తాగుతుంది, కొంత బోర్లకు దించుతుంది, మిగతాది ఆలస్యంగా వదులుతుంది. పైపొర గీకేసిన గ్రావెల్ నేల మీద వాన సిమెంటు చప్టా మీద పడ్డట్టే జారిపోతుంది, పోతూ మన్ను తెచ్చి వాగులో పోస్తుంది. కింద సింగ్‌నగర్ మునగడం, పైన రెడ్డిగూడెం, మైలవరం మామిడి తోటల్లో బోర్లు ఎండడం రెండు వేర్వేరు వార్తలుగా పేపర్లో వస్తాయి. మాకైతే అవి రెండూ ఒకటే వార్త.

కొండపల్లి రిజర్వు ఫారెస్టులో గ్రావెల్ తవ్వకాల మీద 2021లో పెద్ద రాజకీయ గొడవ జరిగింది. ఏ పార్టీ హయాంలో ఎంత పోయిందన్న వాదనలోకి మేము దిగదలచుకోలేదు. జెండా మారినప్పుడు టిప్పర్ మీది స్టిక్కర్ మారుతోంది తప్ప లోపలి మట్టి మారడం లేదు. ఆ కొండ మీది పలచని రాతి నేలలోనే తెల్లపొణికి చెట్టు పెరుగుతుంది, కొండపల్లి బొమ్మ దాని కర్రతోనే. మట్టి పోతే ఆ చెట్టు కూడా ఉండదు, బొమ్మ మీది ముద్ర మాత్రం మిగులుతుంది.

చట్టం లేదా అంటే ఉంది. మెరకకు, రోడ్లకు వాడే మామూలు మట్టిని కూడా కేంద్రం 2000లోనే చిన్న ఖనిజంగా ప్రకటించింది. అనుమతి కావాలి, సీనరేజి కట్టాలి. 2020 మార్చి 28న, లాక్‌డౌన్ పెట్టిన నాలుగో రోజున, రోడ్లూ పైపులైన్ల లాంటి పనులకు మట్టి తవ్వితే పర్యావరణ అనుమతి అక్కర్లేదని కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. ఎంత తవ్వాలో పరిమితి లేదు, ఎక్కడ తవ్వాలో నియమం లేదు. జనం ఇంట్లో తలుపులేసుకుని కూర్చున్న రోజుల్లో అభ్యంతరాలు కూడా అడగలేదు. సుప్రీంకోర్టు 2024 మార్చి 21న దాన్ని కొట్టేసింది. ఆ తీర్పు కాపీ మన మండల కమిటీలన్నిటి దగ్గరా ఉండాలి. తవ్వకం అనుమతి అడిగిన ప్రతి చోటా దాన్ని గ్రామసభలో చదవాలి.

అయితే టిప్పర్ కొండ మీది నుంచే రావడం లేదు. కొన్ని మన చేల నుంచి కూడా వస్తున్నాయి. ఇటుక బట్టీలకు, మెరకలకు పైమట్టి అమ్ముకుంటున్నవాళ్ళలో మన సభ్యులూ ఉన్నారు. చేను మెరకగా ఉంది, నీరెక్కడం లేదు, అడుగు మేర తీస్తే సరిపోతుంది అంటారు. అప్పు మీదపడినప్పుడు ట్రిప్పుకింత అని నోట్లు చేతిలో పెడితే ఎవరైనా తలూపుతారు, మేము తప్పు పట్టడం లేదు. కానీ తీసిన మరుసటి ఏడాది నుంచి ఎన్ని బస్తాలు తగ్గాయో, ఎరువు ఎంత పెరిగిందో ఆ రైతులే మాకు చెప్పారు. కౌలుదారు ఉన్న చేలో అయితే అమ్ముకునేది యజమాని, నష్టం మోసేది కౌలు రైతు. కౌలు ఒప్పందంలో పైమట్టి తీయరాదన్న ఒక్క వాక్యం రాయించుకోవాలని మా సూచన. గడ్డికి నిప్పు పెట్టడం మీద కూడా ఇక్కడే ఒక మాట. యంత్రం కోసిన చేలో మిగిలిన గడ్డి మన అడవి ఆకు లాంటిదే. దాన్ని కాల్చి, తర్వాత సంచుల్లో సేంద్రియ ఎరువు కొనుక్కోవడం చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. జీలుగ, పిల్లిపెసర విత్తనం సకాలంలో సబ్సిడీ మీద ఇవ్వాలన్న మన డిమాండ్ అలాగే ఉంది.

జనవరిలో కలెక్టరుకు ఇచ్చే వినతిపత్రంలో ఈసారి కొండలు ఉండాలని నిర్ణయించాం. ఎన్టీఆర్, కృష్ణా జిల్లాల్లో గ్రావెల్, మట్టి అనుమతులన్నీ సర్వే నంబర్లతో సహా పంచాయతీ బోర్డు మీద రాయాలనీ, రిజర్వు ఫారెస్టు హద్దుకు ఆనుకుని కొత్త అనుమతులు ఇవ్వరాదనీ, తవ్వేసిన గుంటల్లో పైమట్టి తిరిగి పరిపించి మొక్కలు పెట్టించాలనీ అడుగుతాం. మెట్ట, డెల్టా కమిటీలు విడివిడిగా కాకుండా కలిసి సంతకం చేస్తాయి. గ్రామ శాఖ సమావేశాలకు వచ్చేటప్పుడు మీ దగ్గరున్న పాత, కొత్త భూసార కార్డులు రెండూ తీసుకురండి. సేంద్రియ కర్బనం అని ఒక గడి ఉంటుంది, చాలామందిమి దాన్ని చదవం. ఆ గడిలోని అంకెను ఊరి పేరుతో సహా రాసి పంపితే వచ్చే సంచికలో వేస్తాం.