‘సగటు పాఠకుడు’ ఎక్కడ ఉన్నాడు? : జనాదరణ నవల, మన విమర్శ వినని పఠనాలు

జనాదరణ పొందిన తెలుగు నవలపై మన విశ్వవిద్యాలయాల్లో వెలువడిన సిద్ధాంత గ్రంథాలను తిరగవేస్తే ఒక వ్యక్తి తరచుగా ఎదురవుతాడు. అతని పేరు ‘సగటు పాఠకుడు’. అతనికి ఊరు లేదు, వయస్సు లేదు, కులవృత్తులు లేవు, ఇంట్లో దీపం వెలుగు చాలుతుందా లేదా అన్న చింత లేదు. అతడు నవల చదివి ఊహాలోకంలో విహరిస్తాడు, వాస్తవాన్ని మరచిపోతాడు, పుస్తకం మూసి మళ్ళీ అటువంటి పుస్తకమే తెరుస్తాడు. స్త్రీ అయితే ‘సగటు పాఠకురాలు’ అవుతుంది; మేడ, కారు, ఆరడుగుల నాయకుడు ఆమె కలల్లోకి వస్తాయి. ఈ వాక్యాలకు ఆధారమేమిటని అడుగున ఉన్న సూచికలు వెతికితే మరొక విమర్శకుని వాక్యం కనిపిస్తుంది. ఆయన సూచిక వెతికితే ఇంకొకరి వాక్యం. ఈ గొలుసులో ఎక్కడా పాఠకుడు మాత్రం దొరకడు.

జనాదరణ నవలను ఖండించే హక్కు విమర్శకునికి లేదని నా వాదం కాదు. రచనలోని వస్తువు, శిల్పం, దృక్పథం విమర్శకు లోబడినవే. కాని ‘ఈ నవల ఇటువంటిది’ అనే వాక్యం వేరు, ‘ఈ నవల చదివినవారు ఇటువంటివారయ్యారు’ అనే వాక్యం వేరు. మొదటిదానికి గ్రంథపాఠం చాలు. రెండవదానికి మనుషుల సాక్ష్యం కావాలి. మన పరిశోధన మొదటిదాని ప్రమాణంతో రెండవదాన్ని నిరూపించినట్లు భావిస్తూ వచ్చింది. దశాబ్దాలుగా సాగుతున్న ఈ పొరపాటును ఇకనైనా పొరపాటని ఒప్పుకోవాలి.

ముందుగా ఆ ‘సగటు’ అన్న మాటనే పరీక్షిద్దాం. యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ 1960ల నవల. దాని ఆదరణ తరువాతి దశాబ్దంలోనూ తగ్గలేదు. 1976లో చలనచిత్రంగానూ వచ్చింది. 1971 జనాభా లెక్కల ప్రకారం ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో అక్షరాస్యులు సుమారు 16 శాతం. అంటే, ఒక నవలను చేతపట్టి మొదటినుంచి చివరిదాకా చదవగల స్త్రీ ఆనాటి సమాజంలో ఏ లెక్కన చూసినా సగటు మనిషి కాదు. ఆరుగురిలో ఒకతె. ఆమె తల్లికి చదువు రాకపోయి ఉండవచ్చు. అత్తగారికి వచ్చినా పెద్దబాలశిక్ష, భారతభాగవతాలతో ఆగి ఉండవచ్చు. కుటుంబంలో తనకు ముందు ఏ స్త్రీకీ లేని ఒక పనిని, అంటే ఏ పుణ్యమూ ఆశించకుండా, ఎవరూ చెప్పకుండా, తన కోసమే ఒక పుస్తకం చదవడమనే పనిని, ఆమె చేస్తున్నది. అటువంటి మనిషిని ‘సగటు’ అని పిలవడానికి చరిత్ర పట్ల చాలా ఉదాసీనత ఉండాలి.

ఆ మిగిలిన అయిదుగురి సంగతి కూడా ఉన్నది. వారపత్రిక ఇంటికి వస్తే ధారావాహికను ఒకరు పైకి చదవడం, పప్పు ఏరుతూనో, విస్తళ్ళు కుడుతూనో తక్కినవారు వినడం మన ఇళ్ళలో అపూర్వమైన దృశ్యం కాదు. పురాణ కాలక్షేపానికి అలవాటుపడిన చెవులు సీరియల్‌నూ అలాగే విన్నాయి. వినేవారు మధ్యలో ఆపుతారు, పాత్రను తిడతారు, ‘అది అలా ఒప్పుకుని ఉండకూడదు’ అని తీర్పు చెబుతారు, వారం రోజులు దాని మీద వాదులాడుకుంటారు. ఏకాంతంలో పుస్తకానికి లొంగిపోయే పాఠకురాలు అనే మన ఊహలో ఈ వాదులాటకు చోటు లేదు.

‘సెక్రటరీ’నే ఉదాహరణగా తీసుకుంటున్నాను, ఎందుకంటే ఈ నవల చదివిన మూడు తరాలవారు మా ఇంట్లోనే ఉండేవారు. మా అమ్మకు అందులో రాజశేఖరం ఆట్టే గుర్తు లేడు. ‘ఆ అమ్మాయి ఉద్యోగం చేసింది, ఎవరికీ తలవంచలేదు’ అన్నదే ఆమె జ్ఞాపకం. ప్రేమఘట్టాలు ‘గబగబా తిప్పేసేదాన్ని’ అనేది. మా పిన్నికి రాజశేఖరం తప్ప మరేమీ గుర్తు లేదు. ఆ విషయం ఆమె సిగ్గుపడకుండా చెప్పేది. పెళ్ళయ్యాక మళ్ళీ చదివితే అతనిలో అహంకారం కనిపించిందనీ చెప్పేది. ఇక మా నాయనమ్మ స్వయంగా చదవలేదు, విన్నది. జయంతికి పెద్దదిక్కు సరిగా లేకపోవడం వల్లనే ఇన్ని అపార్థాలు వచ్చాయని ఆమె తీర్మానం. ఒకే పుస్తకం, ఒకరికి ఉద్యోగగాథ, ఒకరికి ప్రణయగాథ (అదికూడా రెండు పఠనాల్లో రెండు విధాలు), ఒకరికి ఇంటి పెద్దల కథ. మూడు ఉదంతాలతో సిద్ధాంతం నిలబడదని నాకు తెలుసు. కాని ‘పాఠకురాలు’ అని ఏకవచనంలో చెప్పిన సిద్ధాంతాన్ని కూల్చడానికి ముగ్గురు చాలు.

యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ విషయంలో పరిస్థితి మరీ విచిత్రం. ఈ నవల మూఢనమ్మకాలను పెంచుతుందన్న విమర్శ 1980లలో బలంగా వచ్చింది; ‘క్షుద్ర సాహిత్యం’ అన్న మాట స్థిరపడటంలో ఈ వివాదానికి పెద్ద పాత్ర ఉన్నది. రంగనాయకమ్మ ‘తులసిదళం కాదు, గంజాయి దమ్ము’ అన్న పేరుతో నిశితమైన ఖండన రాశారు. ఆ ఖండనను నేను గౌరవిస్తాను. అది రచన మీద ఒక రచయిత్రి, ఒక పాఠకురాలు ప్రకటించిన స్పష్టమైన ప్రతిస్పందన. తన పేరుతో, తన కారణాలతో రాసినది. మా అభ్యంతరమల్లా ఆ తరువాత మన సిద్ధాంత గ్రంథాలు దానిని వాడుకున్న తీరు మీద. ఒక పాఠకురాలి ఆగ్రహం క్రమంగా లక్షలాది పాఠకుల మీద రుజువైన ప్రభావంగా మారిపోయింది. నవలలో మంత్రవాదం ఒకవైపు, వైద్యమూ హిప్నాటిజమూ మరొకవైపు సమాంతరంగా నడుస్తాయి. కనుక చదివేవాడు దేనిని నమ్మాడు? రెండింటినీ నమ్మక, కేవలం భయపడటానికి చదివాడా? పగలు నవ్వి, రాత్రి వాకిట్లోకి వెళ్ళడానికి జంకాడా? భయం నమ్మకమేనా? ఈ ప్రశ్నల్లో ఒక్కటైనా మన పరిశోధకులు పాఠకులను అడిగిన దాఖలా ఉంటే సంతోషించేవాడిని.

పైగా రంగనాయకమ్మ నవల ‘బలిపీఠం’ కూడా విశేష జనాదరణ పొందినదే, 1975లో చలనచిత్రమైనదే. దానిని చదివినవారూ, ‘సెక్రటరీ’ని చదివినవారూ వేర్వేరు జనం కారు. ఒకే అద్దె పుస్తకాల దుకాణంలో, ఒకే చేతిసంచిలో ఆ రెండూ ఇంటికి వెళ్ళాయి. మనం ఒకదానిని ‘ప్రగతిశీలం’ అరలో, రెండవదానిని ‘కాలక్షేపం’ అరలో పెట్టి, పాఠకులను కూడా రెండుగా చీల్చాము. నిజానికి చీలినది మన పాఠ్యప్రణాళిక.

మరో పక్షం వారిని కూడా వదలలేను. ఇటీవల జనాదరణ సాహిత్యాన్ని నెత్తిన పెట్టుకునే ధోరణి ఒకటి బయలుదేరింది. ఇన్ని ముద్రణలు పొందింది, ఇన్ని వేల మంది చదివారు, కనుక గొప్పది అన్నది వీరి తర్కం. ఇందులోనూ పాఠకుడు సంఖ్యే. కొన్నవారు అందరూ మెచ్చుకున్నారని ఎవరు చెప్పారు? సగంలో విసిరికొట్టినవారు, తిట్టుకుంటూ చివరిదాకా చదివినవారు, ముగింపు నచ్చక తామే మరొక ముగింపు చెప్పుకున్నవారు అమ్మకాల లెక్కలో కనబడరు. దూషించేవారూ, శ్లాఘించేవారూ పాఠకుణ్ణి మూగవాణ్ణి చేయడంలో ఏకాభిప్రాయంతో ఉన్నారు.

ఈ మౌనానికి మూలం మన శాస్త్రంలోనే ఉన్నదేమో ఆలోచించాలి. అభినవగుప్తుని సహృదయుడు కావ్యానుశీలనం చేత అద్దంలా నిర్మలమైన మనస్సు కలవాడు. అది కావ్యానందానికి అధికారిని నిర్దేశించే భావన, గొప్ప భావన. కాని అధికారిని నిర్దేశించాక అనధికారి పఠనాన్ని అసలు పఠనమే కాదనుకోవడం మనకు అలవాటైంది. ఆ తరువాత పాశ్చాత్య పాఠక సిద్ధాంతాలు వచ్చాయి. వోల్ఫ్‌గాంగ్ ఇజర్ చెప్పిన అంతర్నిహిత పాఠకుణ్ణి మనం ఆనందంగా స్వీకరించాము. అతడు పాఠంలో నిర్మితమైన పాఠకుడు. విజయవాడ బీసెంట్ రోడ్డులోనో, హైదరాబాద్ కోఠిలోనో పుస్తకం కొన్న మనిషి కాడు. ఈ తేడా మరచి, ఒకరి వాంగ్మూలం మరొకరి నోట పెట్టాము.

అడిగి చూసినవారు లేకపోలేదు. అమెరికాలో జానిస్ రాడ్వే 1984లో ప్రచురించిన ‘రీడింగ్ ది రొమాన్స్’ గ్రంథం ఒక పట్టణంలోని సుమారు నలభై మంది ప్రణయ నవలా పాఠకురాళ్ళతో మాట్లాడి రాసినది. ఆ స్త్రీలు నవలలోని కథ గురించి చెప్పినది ఒకటి, చదవడమనే పని గురించి చెప్పినది మరొకటి. ఇంటిపని, పిల్లలు, భర్త వీటి మధ్య ‘ఇది నా సమయం’ అని ప్రకటించుకోవడమే వారికి పఠనంలోని ముఖ్యాంశం. అయితే రాడ్వే వారిని వీరవనితలను చేయలేదు. ఆ నవలలు చివరకు వారిని పాత సంసార వ్యవస్థలోకే చేరుస్తాయన్న విమర్శనూ దాచలేదు. ఆ పద్ధతిని యథాతథంగా తెచ్చి ఇక్కడ అతికించమని చెప్పడం లేదు. ఆ స్త్రీలు ఎక్కువగా పుస్తకం ముగించి మాట్లాడినవారు. మన పాఠకురాలు వారం వారం ఎదురుచూసినది, పక్కింటి ప్రతి కోసం వంతు కాచుకున్నది, ఒక్కోసారి పప్పులడబ్బా వెనుక దాచి చదివినది. మన ప్రశ్నలు మనమే తయారు చేసుకోవాలి.

‘జ్ఞాపకం నమ్మదగినది కాదు, అడిగినవారికి నచ్చేట్లు చెబుతారు’ అన్న ఆక్షేపణ తప్పక వస్తుంది. నిజమే. అందుకే జ్ఞాపకం ఒక్కటే చాలదు. వారపత్రికల లేఖల శీర్షికలు ఉన్నాయి. అవి సంపాదకుని ఎంపికకు లోనైనవే అయినా ఒక సీరియల్ మీద వారం వారం మారిన పాఠకుల తీర్పు అక్కడ ముద్రితమై ఉన్నది. శాఖా గ్రంథాలయాల పాత జారీ రిజిస్టర్లు, చెదలు వదిలినవి, కొన్నైనా మిగిలి ఉంటాయి. అద్దె పుస్తకాల అంచుల మీద రాతలున్నాయి. ఒక డిటెక్టివ్ నవల మూడో పుటలోనే హంతకుని పేరు రాసి తరువాతివారి ఆనందం చెడగొట్టిన దుర్మార్గుణ్ణీ, దాని కిందనే ‘నిన్ను పట్టుకోవాలి ముందు’ అని రాసిన మరొకరినీ నేను ఎరుగుదును. ఇది హాస్యం మాత్రమే కాదు. పుస్తకం చుట్టూ పరస్పరం మాట్లాడుకున్న అపరిచిత సమూహానికి ఆధారం. అన్నిటికంటే విలువైనవి ఇళ్ళలో కుట్టుకున్న సీరియల్ సంపుటాలు. పత్రికలోంచి పుటలు విడదీసి, వరుస పెట్టి, బైండు చేయించుకున్న సంపుటం ఒక విమర్శ వ్యాసంతో సమానం. ఏది దాచుకోదగినదో, ఏది పొట్లాలకు పోదగినదో ఒకరు నిర్ణయించారు. ఏ గ్రంథాలయమూ వీటిని సేకరించలేదంటే కారణం ఇవి అచ్చైన పుస్తకాలు కాకపోవడమే.

ఇంత కటువుగా రాయడానికి వెనుక ఒక సంఘటన ఉన్నది, చెప్పకుండా దాటవేయడం నిజాయితీ కాదు. కొన్నేళ్ళ క్రితం నా పర్యవేక్షణలో ఒక విద్యార్థిని 1960, 70ల నవలా పాఠకురాళ్ళ మీద పరిశోధన చేసింది. ఒక అధ్యాయం పూర్తిగా ఆమె అమ్మమ్మ, ఆ వీధిలోని మరి కొందరు వృద్ధస్త్రీలు చెప్పిన విషయాలు. మౌఖిక పరీక్షలో పరీక్షకులు ఒక్కటే అడిగారు: “ముసలమ్మల ముచ్చట్లకు ప్రామాణ్యం ఏమిటి?” ఆమె నా వైపు చూసింది. నేను సమర్థించవలసినంతగా సమర్థించలేదు. పట్టా ఆలస్యమవుతుందని, ‘అనుబంధంగా పెట్టుకో’ అన్నాను. తుదిప్రతిలో అనుబంధం కూడా మిగలలేదు. అదే గ్రంథంలో, ఏ ఆధారమూ లేకుండా, ‘సగటు పాఠకురాలు పలాయనవాదానికి లోనవుతుంది’ అన్న వాక్యం ఉన్నది. దానికి ప్రామాణ్యం ఏమిటని ఎవరూ అడగలేదు. అడగనివారిలో నేనూ ఒకడిని.

1965లో ఇరవై ఏళ్ళున్న పాఠకురాలికి ఇప్పుడు ఎనభై దాటాయి. శాసనం మరో వందేళ్ళు ఆగగలదు, తాళపత్రాన్ని రసాయనాలతో నిలపవచ్చు. ఈ సాక్ష్యానికి ఆ వెసులుబాటు లేదు. ప్రతి తెలుగు శాఖలోనూ స్నాతకోత్తర విద్యార్థులు ఉన్నారు, వారి ఇళ్ళలో నాయనమ్మలు, అమ్మమ్మలు ఉన్నారు, చేతిలో ఫోన్లు ఉన్నాయి. ఒక వేసవి సెలవుల పని ఇది. ఏ పుస్తకం చదివారు, ఎవరి దగ్గర తెచ్చుకున్నారు, ఎవరికి తెలియకుండా చదివారు, ఎక్కడ ఏడ్చారు, ఎక్కడ కోపం వచ్చింది, ఇప్పుడు ఏమనుకుంటున్నారు అన్న ఆరు ప్రశ్నలతో మొదలుపెట్టవచ్చు. సమాధానాలు మన సిద్ధాంతాలకు అనుకూలంగా రావచ్చు, రాకపోవచ్చు.

ఆ విద్యార్థిని తొలగించిన అధ్యాయం రాతప్రతి నా దగ్గర ఉన్నది, 22 పుటలు. అందులో ఆమె అమ్మమ్మ తాను బైండు చేయించుకున్న ఒక సీరియల్ గురించి చెప్పింది. చివరి రెండు వారాల ముగింపు నచ్చక ఆ పుటలు కావాలనే కలపలేదట. సంపుటం చూద్దామని నిరుడు వారి ఇంటికి కబురు చేశాను. ఆమె పోయాక అల్మారా ఖాళీ చేసి పాత కాగితాలన్నీ తూకానికి ఇచ్చామన్నారు.