నడుం వంపు

జువాలజీ రికార్డులో కప్ప బొమ్మకి నాకెప్పుడూ మంచి మార్కులే. కానీ సంక్రాంతి సెలవుల్లో దాళ్వా నాట్లేస్తున్న అమ్మని గీస్తే కొయ్యబొమ్మ వచ్చింది. తప్పెక్కడ? కన్నూ ముక్కూ ముందు గీశాను, నడుం వంపు మరిచాను.

1941లో వెలువడిన నికొలైడిస్ పుస్తకం కదలికనే ముందు పట్టుకోమంటుంది. నిమిషంలోపు, పెన్సిలెత్తకుండా, తల నుంచి మడమ దాకా ఒకే ఊపు. రబ్బరు జోలికి పోకూడదు. బస్టాండులో, మెస్సులో రోజుకి ఇరవై గీశాను. చాలావరకు చెత్తే.

ఉగాదికి గడ్డిమోపెత్తే అమ్మని నాలుగు గీతల్లో వేశాను. మొహమే లేదు. "నా నడుం నొప్పి కూడా గీశావేంట్రా!" అంది.

కప్పని చూడ్డం కాలేజీ నేర్పింది. కష్టపడే మనిషిని చూడ్డం ఎవరు నేర్పాలి? యూనియన్ వారు వారానికో అరగంట, కాసిని చిత్తుకాగితాలు ఇప్పిస్తే చాలు!

— తృతీయ బి.ఎస్సీ. విద్యార్థి