రెండు అట్టల నడుమ ఆత్మ

మన వార్షిక సంచికను చేతిలోకి తీసుకొన్నవారెవరైనా ఒక సంగతి గమనించక మానరు. తెలుగు భాగం ఎడమ అట్ట నుండి మొదలవుతుంది, ఉర్దూ భాగం కుడి అట్ట నుండి. రెండూ నడిమి పుట వద్ద కలుసుకొని ఆగిపోతాయి. తెలుగు విద్యార్థి ఆ పుట దాటి వెళ్ళడు, ఉర్దూ విద్యార్థి ఇటు రాడు. ఒకే దారంతో కుట్టిన పుస్తకంలో రెండు ఊళ్ళు ఉన్నాయన్నమాట. ఈ వ్యాసాన్ని మేము ఆ నడిమి పుట దగ్గర నిలిచి వ్రాస్తున్నాము. ఎంచుకొన్న విషయం ఆత్మ.

ఆత్మను గూర్చి సభలలో తరచుగా వినబడే మాట ఒకటి కలదు. అన్ని మతాలూ ఒకటే చెబుతాయట, పేర్లు మాత్రమే వేరట. వక్త ఆ మాట అనగానే చప్పట్లు మ్రోగుతాయి, తరువాత తేనీరు ఇస్తారు. సదుద్దేశంతో అన్న మాటే గాని అది సత్యం కాదని మా అభిప్రాయం. ఒకటే చెబుతాయని నమ్మినవాడికి రెండవ గ్రంథం తెరవవలసిన పని ఏమున్నది?

మన నేలకు దగ్గరి పేరుతోనే ఆరంభిద్దాం. ఆచార్య నాగార్జునుడు సుమారు క్రీ.శ. 2వ శతాబ్దికి చెందినవాడు. సంప్రదాయం ఆయనను శాతవాహన రాజులతో ముడిపెడుతుంది. ఆయన పేరు మోసిన కొండ చుట్టూ ఉండిన లోయ, 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ జలాల క్రింద మునిగిపోయినది. ఆ మహామేధావి తన మూలమధ్యమకకారికలో 18వ ప్రకరణాన్ని ఆత్మ పరీక్షకే కేటాయించినాడు. దేహమనస్సుల సముదాయమే ఆత్మ అయితే వాటితోపాటు పుట్టి నశించవలసి వస్తుంది. వాటికి భిన్నమైనదైతే వాటి లక్షణం ఏదీ దానికి ఉండదు, ఇక దానిని గుర్తించేది ఎట్లు? ఇదీ ఆయన వాదసరణి. ఆత్మ ఉన్నదని బోధించవలసిన సందర్భం, లేదని బోధించవలసిన సందర్భం, ఆ రెంటినీ వదలవలసిన సందర్భం వేరువేరుగా ఉంటాయని కూడా ఆయన గుర్తించినాడు.

శంకరులకు ఈ తీర్పు సమ్మతం కాదు. జీవుని నిజస్వరూపం బ్రహ్మమే, భేదమంతా అవిద్యాకల్పితమని ఆయన సిద్ధాంతం. రామానుజులు ఆ ఏకత్వాన్ని అంగీకరించక, జీవులు పరమాత్మకు శరీరమనీ, మోక్షంలో కూడ జీవుడు జీవుడుగానే నిలుస్తాడనీ అన్నారు. జైనులు జీవునికి దేహమంత పరిమాణమే ఉంటుందన్నారు. చార్వాకుడు వీరందరినీ చూచి నవ్వి, దేహంతోనే కథ ముగిసిందన్నాడు. ఇస్లాంలో రూహ్ దైవాజ్ఞకు సంబంధించిన విషయం. దానిని గూర్చి మానవునికి ఇవ్వబడిన జ్ఞానం స్వల్పమని ఖురాను 17వ సూరా స్పష్టపరుస్తుంది. రూహ్ సృష్టింపబడినదే గాని సృష్టికర్త కాదు. ఈ ఒక్క అంశం వద్ద శంకర వేదాంతానికీ ఇస్లాంకూ మధ్య గల దూరాన్ని ఏ సభాధ్యక్షుడూ చిరునవ్వుతో చెరిపివేయలేడు.

అయితే దూరం ఉన్నచోటే దారి కూడా ఉంటుంది. మాకు ఆ దారి పదాలలో కనిపించినది.

సంస్కృతంలో ఆత్మన్ అన్న పదం వేదాంతానికే కాదు, వ్యాకరణానికీ చెందినది. 'తాను', 'తనను' అనడానికి అదే పదం వాడతారు. అరబీలో నఫ్స్ కూడా సరిగా అట్లే పనిచేస్తుంది. జీవుడనే అర్థమూ ఉన్నది, 'తాను' అనే ప్రయోగమూ ఉన్నది. నఫస్ అంటే ఊపిరి. రూహ్‌కు చుట్టమైన రీహ్ అంటే గాలి. జర్మనులు ఊపిరి పీల్చుటకు వాడే 'ఆట్మెన్' అన్న క్రియ మన ఆత్మకు బంధువే. తెలుగువాడు ప్రాణం అన్నా మొదట ఊపిరినే తలుస్తాడు. జీడిమెట్ల పారిశ్రామికవాడలో చదువుకొనేవారికి ఊపిరి కేవల తత్త్వవిషయం కాదు. మందుల ఫ్యాక్టరీల వాసన మోసుకొని గాలి వీచిన సాయంత్రం కిటికీలు మూసి పాఠం వినే తరగతికి ఆ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

మన క్రైస్తవ సోదరుల తెలుగు బైబిలును పరిశీలించినవారికి మరొక విశేషం కనబడుతుంది. హీబ్రూలోని నెఫెష్ అన్న పదానికి అందులో తరచుగా 'ప్రాణము' అనీ, రూఅహ్ అన్నదానికి 'ఆత్మ' అనీ వాడినారు. ఆ హీబ్రూ పదాలు అరబీ నఫ్స్, రూహ్‌లకు తోబుట్టువులు. అనగా అరబీ తెలిసిన మన ఉర్దూ విద్యార్థికి తెలుగు బైబిలులోని రెండు మాటల మర్మం చిటికెలో తెలుస్తుంది. తెలుగు విద్యార్థికి అది తెలియాలంటే ప్రక్క తరగతికి వెళ్ళి అడగాలి.

ఇంతకన్న ఆశ్చర్యకరమైనది మన హైదరాబాదు దక్కనీలో ఉన్నది. మన ఉర్దూ విద్యార్థులు మైదానంలో 'అపన్ చలేంగే' అంటారు. ఉర్దూ 'హమ్'లో వినేవాడు ఉన్నాడో లేడో తెలియదు. 'అపన్'లో ఉన్నాడు. తెలుగులో 'మేము', 'మనము' అనే భేదం ఎట్టిదో ఇదీ అట్టిదే. ఆ 'అపన్' ఎక్కడిది? ప్రాకృతంలోని అప్పా, అప్పాణ రూపాల మీదుగా సంస్కృత ఆత్మన్ నుండి వచ్చినదే. ఆప్, అప్నా కూడా ఆ కుటుంబమే. ఆత్మ మా పాఠ్యాంశం కాదనుకొనే కుర్రవాడు రోజుకు నూరుసార్లు ఆ పదాన్ని పలుకుతున్నాడు. అదీ ప్రక్కవాణ్ణి కలుపుకొనే అర్థంలో!

గ్రంథాలు కూడా ఈ విధంగానే ప్రయాణం చేసినవి. మొగలు రాకుమారుడు దారా షికోహ్ 1657లో సుమారు 50 ఉపనిషత్తులను పార్శీలోనికి అనువదింపజేసినాడు. ఆ పార్శీ ప్రతి నుండి ఫ్రెంచి పండితుడు ఆంకెతీల్ దుపెరాన్ 1801–02లో లాటిన్ అనువాదం ప్రకటించగా, అది చదివి జర్మన్ తత్త్వవేత్త షోపెన్‌హవర్ ముగ్ధుడైనాడు. యూరపు ఖండం ఉపనిషత్తుల ఆత్మను ముందు పార్శీ గుమ్మం గుండా చూచినదన్న సంగతి మన తెలుగు పాఠాలలో ఎక్కడా వినబడదు. తెలుగు దేశంలో పిఠాపురానికి చెందిన ఉమర్ ఆలీషా (1885–1945) అవధానిగా, కవిగా తెలుగుకు సేవచేసి, ఉమర్ ఖయ్యాంను తెలుగు పద్యంలో నిలిపినారు. సూఫీ మార్గాన్నీ వేదాంతాన్నీ ఒకే పీఠం నుండి బోధించినారు.

హైదరాబాదుకు ఇంకొక గౌరవం దక్కినది. ఇక్బాల్ తన ప్రసిద్ధ ఇస్లామీయ తత్త్వోపన్యాసాలను మద్రాసుతోపాటు మన నగరంలో కూడా 1929లో చదివినారు. 1930లో అవి గ్రంథరూపం పొందినప్పుడు నాలుగవ ఉపన్యాసం మానవ 'అహం'ను గూర్చినదే. 1915 నాటి అస్రారె ఖుదీ నుండి ఆయన పట్టు ఒకటే: వ్యక్తి తనను తాను పోగొట్టుకొనరాదు, గట్టిపరచుకొనాలి. అమరత్వం జన్మహక్కుగా రాదనీ, సాధించుకొనవలసినదనీ ఆయన భావం. నాగార్జునుడు విప్పివేసిన ముడిని ఇక్బాల్ బిగించినారు. ఇద్దరూ ఈ తెలంగాణ, ఆంధ్ర నేలతో ఏదో ఒక బంధం కలవారే. వీరిలో ఎవరు సరి అని మమ్ము అడిగితే మా మనస్సు ఇక్బాల్ వైపే మొగ్గుతుందని ఒప్పుకొంటాము. కాని నాగార్జునుని ప్రశ్నకు జవాబు చెప్పకుండా మొగ్గినవాడి మొగ్గు ఎంతసేపు నిలుస్తుంది?

ఇదంతా పండితుల వినోదమని కొందరు పెద్దలు అనవచ్చు. వారికి ఒక మాట గుర్తుచేస్తాము. 2019 ఏప్రిల్‌లో ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడిన తరువాత మన రాష్ట్రంలో ఇరవై మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకొన్నారు. మార్కులలో పొరపాట్లు బయటపడగా, తప్పినవారందరి జవాబుపత్రాలను ఉచితంగా తిరిగి పరిశీలింపవలసి వచ్చినది. ఆ పనిని తెలుగులో ఆత్మహత్య అంటాము, ఉర్దూలో ఖుద్‌కుషీ అంటారు. విచిత్రమేమనగా, ఆత్మకు చావు లేదని నమ్మే సంప్రదాయమే దానికి ఆత్మహత్య అని పేరు పెట్టుకొన్నది. ఇక్కడ ఆత్మ అంటే బ్రహ్మం కాదు, ఖుద్ అంటే రూహ్ కాదు. కాగితం మీద ఒక అంకె చూచి 'నేను ఇంతే' అనుకొన్న ఆ చిన్న 'తాను' మాత్రమే. పైన పేర్కొన్న తత్త్వవేత్తలు ఎన్ని విధాల పోట్లాడుకొన్నా, ఆ అంకెయే నీవు అన్నవాడు వారిలో ఒక్కడూ లేడు. చార్వాకుడు సైతం అనలేదు. పోయిన బిడ్డలను గూర్చి పాపపుణ్యాల తీర్పులు చెప్పే పెద్దల పట్ల మాకు ఓర్పు తక్కువ. ఆ తల్లిదండ్రుల ఇళ్ళకు కావలసినది తీర్పు కాదు.

కనుక కళాశాల కమిటీవారికి మా మనవి. మతాల వారీగా విడదీసి నడిపే నీతిపాఠపు గంటను వారానికి ఒకసారైనా కలిపి నడపండి. అందులో ఉపన్యాసం వద్దు, విద్యార్థులే ఒకరి గ్రంథాన్ని మరొకరికి చదివి వినిపించుకొని ప్రశ్నించుకొననివ్వండి. ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి మానస్ ఉచిత ఫోను సంఖ్య 14416ను ఫలితాల నోటీసు ప్రక్కనే రెండు లిపులలోనూ అతికించండి. వచ్చే సంచికలో నడిమి పుటను ఖాళీగా వదలకుండా, ఒక తెలుగు విద్యార్థి వ్రాసిన దానికి ఉర్దూ అనువాదమూ, ఒక ఉర్దూ విద్యార్థి వ్రాసిన దానికి తెలుగు అనువాదమూ ఎదురెదురుగా అచ్చువేయండి. అనువాదకులను వెదకే పని మాకు వదలండి, అపన్ చూచుకొంటాము.