ఇటలీ పేరిట వడ్డిస్తున్న వెన్న

మన పట్టణాలలో ఇటాలియన్ భోజనశాలలు పెరుగుతున్నాయి. హైదరాబాదు, విశాఖపట్నం, విజయవాడలలోనే కాక జిల్లా కేంద్రాలలో కూడా పాస్తా, పిజ్జా వడ్డించే చోట్లకు కొదవ లేదు. పుట్టినరోజులు, పరీక్షా ఫలితాలు, కొత్త ఉద్యోగాలు అక్కడే పండుగలవుతున్నాయి. దీనిని నేను తప్పు పట్టను. పరదేశపు వంట తిన్నంత మాత్రాన ఎవరి ఆరోగ్యమూ చెడదు. మనం నిత్యం వాడే మిరపకాయ, టమాటా కూడా సముద్రాలు దాటి వచ్చినవే. నా అభియోగం వేరు. ఇటలీ పేరు చెప్పి ఇటలీ ప్రజలు నిత్యం తినని ఆహారాన్ని వడ్డించడం ఒక తప్పు. అందులో ఏమున్నదో, ఎంత ఉన్నదో తినేవారికి చెప్పకపోవడం అంతకంటె పెద్ద తప్పు.

ఈ విషయంలో మన ఇళ్ళలో రెండు వాదాలు వినబడుతుంటాయి. పెద్దలు అదంతా మైదా, విషంతో సమానం అంటారు. పిల్లలు అది మధ్యధరా ఆహారమని, ఆలివ్ నూనె గుండెకు మేలని బదులిస్తారు. ఇరువురూ పళ్ళెంలోకి చూడకుండానే వాదించుకుంటున్నారు. పెద్దలు నిందించే పాస్తాలో అంత దోషం లేదు. పిల్లలు పొగడే ఆలివ్ నూనె ఆ పళ్ళెంలో చాలాసార్లు ఉండనే ఉండదు.

ముందుగా అసలు ఇటలీ మాట. గత శతాబ్దం నడిమి కాలంలో అమెరికా శాస్త్రజ్ఞుడు ఆన్సెల్ కీస్ దక్షిణ ఇటలీలో శ్రామికులకు గుండెపోటు అరుదుగా వస్తున్నదని గమనించాడు. 1958లో మొదలైన ‘ఏడు దేశాల అధ్యయనం’లో ఇటలీకి చెందిన క్రెవాల్కోరె, మోంటెజోర్జో గ్రామాల పురుషులు కూడా ఉన్నారు. ఆ అధ్యయనానికి పరిమితులు లేకపోలేదు. అయినా నాటి ఇటలీ గ్రామీణుల భోజనం ఎట్లుండేదో దాని వలన లోకానికి తెలిసింది. రొట్టె, పాస్తా, చిక్కుడు జాతి గింజలు, ఆకుకూరలు, కాయగూరలు, పండ్లు, ఆలివ్ నూనె, అప్పుడప్పుడు చేప, ఎప్పుడో ఒకనాడు మాంసం. చీజ్ రుచికోసం పైన చల్లుకునేది. పళ్ళెం నింపేది కాదు. 2010లో యునెస్కో మానవ సాంస్కృతిక వారసత్వంగా గుర్తించిన మధ్యధరా ఆహారం ఈ కోవలోనిదే.

ఇటలీ వారు దీనిని ‘కుచీనా పోవెరా’ అంటారు, అంటే పేదల వంట. కూరగాయలతో, గింజలతో కాచే మినెస్ట్రోనె పులుసు మన పప్పుచారుకు దూరపు చుట్టమే. పాస్తాను చిక్కుడు గింజలతో కలిపి వండే వంటకం, మనం అన్నంలో పప్పు కలుపుకోవడం, రెండూ ఒకే తెలివి నుండి పుట్టినవి. ధాన్యంలో కొరవడిన మాంసకృత్తుల లోటును పప్పుధాన్యం తీరుస్తుంది. పిల్లలు పొగడుతున్నది ఈ వంటనే అయితే వారితో నాకు పేచీ లేదు.

పాస్తాను గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఇటలీలో ఎండు పాస్తాను డ్యూరమ్ అనే గట్టి గోధుమ రవ్వతోనే చేయాలని 1967 నాటి చట్టం నిర్దేశించింది. ఆ పిండి గట్టిగా అల్లుకొని ఉండడం వలన, కొద్దిగా పలుకు ఉండగానే దించి తింటే, అందులోని పిండిపదార్థం రక్తంలోకి తెల్లరొట్టె కంటె నెమ్మదిగా చేరుతుంది. అక్కడి పోషకాహార మార్గదర్శకాలలో ఒకరికి ఒక వాయి సుమారు 80 గ్రాముల ఎండు పాస్తా. కనుక పాస్తాను విషమనే పెద్దల మాట నిలవదు.

మరి మన ఊళ్ళలో వడ్డించేది ఏమిటి? జాబితా తెరవగానే వైట్ సాస్ పాస్తా, ఆల్ఫ్రెడో, చీజ్ గార్లిక్ బ్రెడ్, అంచులలో కూడా చీజ్ కూరిన పిజ్జా. రోము నగరంలో పుట్టిన ఆల్ఫ్రెడో వెన్న, పార్మిజానో చీజ్‌లతో చేసినది. అందులో మీగడ పోయడం అమెరికాలో మొదలైంది. చీజ్ కప్పిన గార్లిక్ బ్రెడ్ కూడా అమెరికా నుండి వచ్చినదే. దీనిని ఇటలీ వంట అనడం మర్యాదకు భంగం. అయితే వైద్యుడిగా నాకు మర్యాద కంటె మోతాదు ముఖ్యం.

మా ఊరి ఇటాలియన్ భోజనశాలకు కుటుంబంతో పలుమార్లు వెళ్ళాను. అక్కడి జాబితా మొదటి పుటలో ఆలివ్ కొమ్మ బొమ్మ ఉన్నది. ఏ నూనె వాడతారని అడిగితే వడ్డించే అబ్బాయి ‘ఆలివ్ ఆయిలే సార్’ అన్నాడు. నిర్వాహకుడిని పిలిపించి అడిగితే అసలు సంగతి తెలిసింది: సాస్‌కు వెన్న, వేపుళ్ళకు రిఫైన్డ్ నూనె, ఆలివ్ నూనె సలాడ్ మీద కొద్దిగా చిలకరించడానికి. రక్తపోటుకు మందులు వాడుతున్న బంధువు కోసం ఉప్పు తగ్గించమంటే, సాస్ ఉదయమే కలిపి ఉంచుతామని, ఇప్పుడు తగ్గించడం కుదరదని చెప్పాడు. ఆ యువకులను నేను తప్పు పట్టను. వారికి ఎవరూ నేర్పలేదు. తప్పు ఆ ఏర్పాటుది.

ఇక లెక్కకు వద్దాం. సాధారణ పాళ్ళలో ఒక పళ్ళెం వైట్ సాస్ పాస్తా తీసుకోండి. 100 గ్రాముల ఎండు పాస్తాకు 350 కెలోరీలు, 30 గ్రాముల వెన్నకు 215, 50 మిల్లీలీటర్ల మీగడకు 120, 60 గ్రాముల చీజ్‌కు 190. మొత్తం సుమారు 875. రెండు ముక్కల చీజ్ గార్లిక్ బ్రెడ్‌కు మరో 200, 300 మిల్లీలీటర్ల శీతల పానీయానికి 130 కలిపితే 1200 దాటుతుంది. ఒక రోజుకు 2000 కెలోరీలు చాలిన వ్యక్తి ఒక్క పూటలో అరవై శాతం తినేశాడన్నమాట. సంతృప్త కొవ్వు ఆ పాస్తాలోనే సుమారు 33 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన ప్రకారం 2000 కెలోరీలు తినేవారికి రోజంతటికీ పరిమితి 22 గ్రాములు.

అదే 100 గ్రాముల పాస్తాను టమాటా, వెల్లుల్లి, గుప్పెడు ఉడికించిన రాజ్మా, రెండు చెంచాల ఆలివ్ నూనె, పైన 15 గ్రాముల చీజ్‌తో వండితే 600 కెలోరీలు. సంతృప్త కొవ్వు 5 గ్రాములకు అటూ ఇటూ. వంటగది అదే, పొయ్యి అదే. కాగా రెండవదే అసలైన ఇటలీకి దగ్గరది.

ఉప్పు సంగతి మరీ గంభీరమైనది. పెద్దలకు రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ప్రాసెస్ చేసిన 60 గ్రాముల చీజ్‌లోనే సుమారు గ్రామున్నర ఉప్పు ఉంటుంది. దానికి సాస్‌లో వేసినది, పాస్తా ఉడికించిన నీటిలోది, రొట్టెలోది, టమాటా కెచప్‌లోది చేరుతుంది. 2023లో వెలువడిన ఐసీఎంఆర్–ఇండియాబ్ అధ్యయనం మన దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉన్నదని, పెద్దలలో 35 శాతానికి పైగా రక్తపోటు ఉన్నదని అంచనా వేసింది. అంటే ఆరుగురు పెద్దలు కూర్చున్న బల్ల దగ్గర సగటున ఇద్దరు రక్తపోటు వారు. గుండె బలహీనపడిన రోగికి ఒక్క ఉప్పటి విందు చాలు, ఒంట్లో నీరు చేరి ఆయాసంతో ఆసుపత్రి పాలు కావడానికి. అటువంటి వారిని రాత్రివేళల్లో చూసిన వైద్యులెవరూ దీనిని చాదస్తమని అనరు.

చట్టం లేదా అంటే, ఉన్నది. ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2020లో చేసిన నిబంధనల ప్రకారం, కేంద్ర లైసెన్సు ఉన్నవి, లేదా పది, అంతకు మించిన శాఖలు ఉన్నవి అయిన భోజనశాలలు జాబితాలో ప్రతి వంటకం పక్కన కెలోరీలు చూపాలి. మన వీధి చివరి ఒంటరి భోజనశాలకు ఆ బాధ్యత లేదు. పది శాఖల వాడి వెన్నకు ఉన్న కెలోరీలు ఒక్క శాఖ వాడి వెన్నకు ఉండవా? తినేవాడి ధమనులకు శాఖల సంఖ్య తెలియదు.

యజమానులు చెప్పే జవాబులు మూడు. ప్రయోగశాలలో పరీక్షలు చేయించే స్తోమత లేదన్నది మొదటిది. ప్రయోగశాల అక్కరలేదు. ఏ వంటకంలో ఎన్ని గ్రాముల వెన్న పడుతుందో వంటవానికి తెలుసు. తెలియకపోతే వ్యాపారమే నడవదు. మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లోనే భారతీయ ఆహార పదార్థాల పోషక విలువల పట్టికలను ప్రచురించింది. ఒక మధ్యాహ్నం కూర్చుంటే లెక్క తేలుతుంది. జనం చీజే అడుగుతున్నారన్నది రెండవది. అడగనివ్వండి. ఎంత తింటున్నారో తెలిసి అడిగితే అది వారి ఇష్టం. తెలియనివ్వకుండా దానిని ఇష్టమనడం న్యాయం కాదు. బిర్యానీలో నెయ్యి లేదా, మిఠాయిలో చక్కెర లేదా, మా మీదనే ఎందుకు అన్నది మూడవది. నిజమే, వాటికీ ఈ లెక్క వర్తించాలి. అయితే బిర్యానీ తినేవాడు అది విందు భోజనమని ఎరిగే తింటాడు. ఆలివ్ కొమ్మ బొమ్మ చూసినవాడు పథ్యం తింటున్నానని భ్రమిస్తాడు. విందును విందు అంటే ఆక్షేపణ లేదు. విందును పథ్యమని అమ్మడమే ఆక్షేపణీయం.

కాబట్టి స్థానిక భోజనశాలల నుండి కోరదగినవి నాలుగు. ప్రతి వంటకం పక్కన కెలోరీలు, ఉప్పు, వాడిన కొవ్వు పేరు వేయాలి. సగం పళ్ళెం సగం ధరకు ఇవ్వాలి. చీజ్, సాస్ విడిగా అడిగితే విడిగా ఇవ్వాలి. ఉప్పు తక్కువ సాస్ ఒకటైనా సిద్ధంగా ఉంచాలి. ప్రభుత్వం కూడా పది శాఖల హద్దును క్రమంగా తగ్గించాలి.

పాఠకులకు నా మనవి ఒక్కటే. ఈసారి పిల్లలు ఇటాలియన్ భోజనానికి వెళ్దామంటే వారించకండి, వెళ్ళండి. టమాటా సాస్, కూరగాయలు, గింజలు ఉన్న వంటకం ఎంచుకోండి. గార్లిక్ బ్రెడ్‌కు బదులు సలాడ్ అడగండి. పానీయానికి బదులు మంచినీళ్ళు తాగండి. ఏ నూనె, ఎంత వెన్న, ఎంత ఉప్పు అని మొహమాటం లేకుండా అడగండి. ఒకరు అడిగితే నిర్వాహకుడు చిరునవ్వు నవ్వి ఊరుకుంటాడు. వారానికి ఇరవై మంది అడిగితే జాబితా మారుతుంది.