దారం ఖర్చు ఎవరి నెత్తిన?

గడ్డి కోత మిషను భుజాన వేసుకుని పనికి పోయే కూలీలు ఇవాళ మన పల్లెల్లో కొత్త కాదు. మామిడి తోటల్లో, కొబ్బరి తోటల్లో, పొలం గట్ల మీద, కాలవ గట్ల మీద, రోడ్ల పక్కన ఒకప్పుడు కొడవలీ, దోకుడుపారా పనిచేసిన చోట్ల ఇప్పుడు ఈ మిషను మోత వినిపిస్తున్నది. అందరూ దీన్ని బ్రష్ కట్టర్ అంటున్నారు. మిషను ధర గురించీ, దాని సబ్సిడీ గురించీ ఎంతైనా మాట్లాడతారు. కానీ దాని కింద తిరిగే జానెడు నైలాన్ దారం గురించి ఎవరూ మాట్లాడరు. కూలీ జేబుకు రోజూ చిల్లు పెట్టేది మాత్రం ఆ దారమే.

బేరం ఎలా కుదురుతున్నదో చూడండి. "పెట్రోలు మేం పోయిస్తాం, మిగతాది నువ్వు చూసుకో" అంటాడు తోట ఆసామి. వినడానికి న్యాయంగానే వుంటుంది. కానీ ఆ "మిగతాది"లోనే దారం వుంది. రాళ్ళ గట్టు మీద పూటకు ఎన్నిసార్లు తెగినా, ముళ్ళ కంచెకు చుట్టుకుని ఎంత పోయినా ఆ ఖర్చు కూలీదే. ఇంటికొచ్చి లెక్క చూసుకుంటే చెప్పిన కూలి వేరు, చేతికి మిగిలిన కూలి వేరు.

కాబట్టి రెండు పనులు చేయాలి. దారాన్ని ఎక్కువ కాలం మన్నేట్టు వాడటం నేర్చుకోవాలి. అలా మిగిలిన డబ్బు కూలీ చేతిలోనే వుండేట్టు బేరం మార్చుకోవాలి. మొదటిది చేసి రెండోది వదిలేస్తే మన నేర్పు ఆసామికి లాభమవుతుంది. మొదటిది రాకుండా రెండోది అడిగితే మన మాటకు బలం వుండదు.

అసలు ఈ దారం ఎక్కడ పుట్టింది? 1971లో అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో జార్జ్ బల్లాస్ అనే ఆయన, కార్లు కడిగేచోట గిర్రున తిరిగే బ్రష్షులు చూసి, ఒక రేకు డబ్బాకు చేపల గాలం దారం కట్టి తిప్పి చూశాడు. ఇంటి ముందు పచ్చికలో చెట్ల మొదళ్ళ చుట్టూ గడ్డి సరిచేసుకోవడానికి పుట్టిన ఉపాయం అది. దాన్నే మనం కంకర గట్ల మీదా, ఎండిన కంది మోళ్ళ మధ్యా తిప్పుతున్నాం. తెగక ఏం చేస్తుంది?

దారానికి పదును లేదు. అది కోసేది వేగంతోనే. దారం 40 సెంటీమీటర్ల వెడల్పు చుట్టు తిరుగుతూ, నిమిషానికి 6,000 సార్లు తిరిగితే, దాని కొస గంటకు సుమారు 450 కిలోమీటర్ల వేగంతో పోతున్నట్టు లెక్క. ఆ వేగమంతా కొసలోనే వుంది. అందుకని కొసతోనే కోయాలి. గడ్డిలోకి డబ్బా దాకా కూరి నెడితే వేగం తగ్గుతుంది, దారం మొదట్లో వంగి వేడెక్కి తెగుతుంది. నడుమెత్తు పెరిగిన గడ్డిని ఒకే దెబ్బకు కోయొద్దు. ముందు పైభాగం, తర్వాత కింది భాగం, ఇలా రెండు వాట్లుగా కోస్తే దారం మిగులుతుంది, నడుమూ మిగులుతుంది.

చుట్టడంలోనే సగం దారం పోతున్నది. రెండు కొసలూ సమానంగా తీసుకుని, డబ్బా మీద బాణం గుర్తు చూపించిన వైపుకే, బిగువుగా, వరస పక్కన వరసగా చుట్టాలి. ఒకదాని మీద ఒకటి అడ్డంగా పడితే మిషను అదురుకు అవి రాసుకుంటాయి. నైలాన్‌లో బాగా వాడకంలో వున్న ఒక రకం 220 డిగ్రీల వేడికే కరుగుతుంది. రాపిడికి డబ్బాలోనే దారం దారానికి అంటుకుపోతుంది. తర్వాత ఎంత తట్టినా బయటికి రాదు. ఊడదీసి, తుంచి, పారేసి, మళ్ళీ చుట్టాలి. డబ్బా నిండా కుక్కి చుట్టినా ఇదే గతి. ఊరికే గాలిలో ఫుల్ రేజు చేసి నిలబడటం వల్లా వేడి పెరగడం తప్ప ప్రయోజనం లేదు.

నీటి సంగతి చాలామందికి తెలియదు. నైలాన్ నీటిని పీల్చుకునే వస్తువు. రకాన్ని బట్టి 100 గ్రాముల దారం పూర్తిగా నానితే 8, 9 గ్రాముల దాకా నీరు పీల్చుకుంటుంది. నీరు వున్న దారం సాగుతుంది, వంగుతుంది. ఆరిపోయింది పెళుసుబారి పుటుక్కున తెగుతుంది. మన ఎండాకాలంలో దుకాణం ముందు ఎండకు వేలాడిన చుట్ట సంగతి ఇక చెప్పక్కర్లేదు. పనికి ముందు ఒక రోజంతా బకెట్ నీళ్ళలో నానబెట్టి, తర్వాత చుట్టుకోండి. మిగిలిన చుట్టను తడి గోనెలో చుట్టి నీడన పెట్టండి. అయితే ఎండకు ఏళ్ళ తరబడి మాడిన దారం నానబెట్టినా బాగుపడదు. దుకాణంలోనే వంచి చూసి కొనుక్కోవాలి.

లావు దారం కొంటే ఎక్కువ కాలం వస్తుందనుకోవడం పొరపాటు. చిన్న ఇంజనుకు లావు దారం బరువవుతుంది, వేగం పడిపోతుంది, కోత రాదు. మిషను పుస్తకంలో 2.4 అని వుంటే 2.4 మిల్లీమీటర్లదే వాడాలి. అంచులున్న దారం జోరుగా కోస్తుంది గానీ తొందరగా అరుగుతుంది. గుండ్రటి దారం నిదానంగా అరుగుతుంది. రాళ్ళున్న చోట గుండ్రందే మేలు.

దారం బయటికి రావడానికి డబ్బాను నేలకు తట్టేటప్పుడు మెత్తటి గడ్డి మీద, ఒక్కసారి, మెల్లగా తట్టాలి. అవసరం లేకుండా తడితే వచ్చిన అదనపు దారాన్ని గార్డు కింద వున్న చిన్న కత్తి కోసి పారేస్తుంది. అందుకని కొందరు గార్డునే ఊడదీసి ఇంట్లో పెడుతున్నారు. ఇది దారం పొదుపు కాదు. గార్డు లేకపోతే దారం హద్దు దాటి పొడుగవుతుంది, ఇంజను లాగలేక వేగం చస్తుంది, దారం ఇంకా ఎక్కువ తెగుతుంది. పైగా రాయి ఎగిరి ముందుగా తగిలేది మన మోకాలికీ, మన కంటికే.

ఇంతకన్నా ప్రమాదమైన పొదుపు ఒకటి వుంది. దారం మాటిమాటికీ తెగుతున్నదని సైకిల్ బ్రేకు తీగో, ఇనుప గొలుసు ముక్కో కట్టి తిప్పడం. ఆ వేగంలో తెగిన ఇనుప ముక్క తుపాకి గుండుతో సమానం. 2010లో బ్రిటన్‌లో ఇలాంటి గొలుసు బిగించిన మిషను నుంచి కడియం ఎగిరి తగిలి మనిషి చనిపోయాడు. ఆ తర్వాత 2012 జనవరిలో యూరోపియన్ కమిషన్ ఆ రకం గొలుసు బిగింపుల అమ్మకాన్ని నిషేధించింది. దారం ఖర్చు కూలీ మీద వేసినంత కాలం ఇలాంటి ప్రాణాంతక పొదుపులు పుడుతూనే వుంటాయి. కాబట్టి ఇది కూలీల అజాగ్రత్త మాత్రమే కాదు, బేరంలోని అన్యాయం కూడా.

చోటు చూసి వాడటం అన్నిటికన్నా పెద్ద పొదుపు. సర్కారు తుమ్మ మొలకలకు దారం పనికిరాదు, ఇనుప బ్లేడు బిగించాలి. లేత మామిడి మొక్క మొదలు చుట్టూ జానెడు మేర దారం పోనివ్వకూడదు. బెరడు చుట్టూ లేచిపోతే మొక్క చస్తుంది. అక్కడ చేత్తో తీసేదే కలుపు. పశువుల గడ్డి వున్న గట్ల మీద మిషను పెట్టనే వద్దు. దారం గడ్డిని నజ్జు చేసి మట్టిలో కలుపుతుంది, అరిగిన నైలాన్ తునకలు అందులోనే పడతాయి. ఆ గడ్డి ఆడవాళ్ళు కొడవలితో కోసుకుంటే పాడి పశువుకు మేత, వాళ్ళకు నాలుగు రోజుల పని. ప్రతి అంగుళానికీ మిషనే తిప్పాలనే ఆసామి దారాన్నీ పోగొడుతున్నాడు, ఆడకూలీల పనినీ పోగొడుతున్నాడు.

ఇక బేరం సంగతి. దారం ఎంత అరుగుతుందో తేల్చేది సగం మన నేర్పయితే, మిగతా సగం నేల. రాళ్ళు ఏరించేదీ మానేదీ, గడ్డి లేతగా వున్నప్పుడే కబురు పెట్టేదీ, నడుమెత్తు పెరిగి గింజ రాలేదాకా ఆగేదీ భూమి గలవాడే. అతని చేతిలో వున్నదాని ఖర్చు అతనే భరించాలి. అది దయ కాదు, లెక్క.

"దారం మేం కొనిస్తే కూలీ ఇష్టమొచ్చినట్టు వాడతాడు" అంటారు కొందరు. దారం తెగిన ప్రతిసారీ మిషను ఆపి, డబ్బా విప్పి, మళ్ళీ చుట్టాల్సింది కూలీయే గదా! ఎకరం గుత్తకు చేసేవాడికి ఆ టైమంతా నష్టమే. కావాలని దారం తెంపుకునే కూలీ ఎవడుంటాడు?

ఇక్కడ కార్యకర్తలు చేయాల్సిన పని వుంది. ఊళ్ళో మిషను పని చేసేవాళ్ళను కూర్చోబెట్టండి. ఒక నెలపాటు ప్రతి ఒక్కరూ ఒకే కొలత ముక్కలు కత్తిరించుకుని, ఎకరానికి ఎన్ని పోయాయో రాసుకోవాలి. శుభ్రమైన తోట వేరు, రాళ్ళ గట్టు వేరు, కంచె పక్కన వేరు. ఈ మూడు లెక్కలూ చేతిలో వుంటే బేరం గాలిమాట కాదు. "కూలి వేరు, పెట్రోలు వేరు, దారం వేరు" అని ఊరంతా ఒకే మాట మీద నిలబడవచ్చు. ఒకడు దారంతో సహా తక్కువకు ఒప్పుకుంటే అందరి బేరమూ పడిపోతుంది.

అయితే రెండెకరాల కౌలు రైతునూ, వందెకరాల తోట ఆసామినీ, రియల్ ఎస్టేటు వెంచరు కాంట్రాక్టరునూ ఒకే గాట కట్టకూడదు. కౌలు రైతు మన పక్కవాడే. అతనితో, గడ్డి లేతప్పుడే పిలవమనీ, రాళ్ళు ముందే ఏరిపెట్టమనీ చెప్పుకుని దారం ఖర్చు ఇద్దరికీ తగ్గించుకోవచ్చు. పెద్ద ఆసామి దగ్గరా, కాంట్రాక్టరు దగ్గరా మాత్రం దారం ముందే ఇప్పించుకోవాలి. కళ్ళద్దాలూ, కాళ్ళకు బూట్లూ కూడా అందులో భాగమే. నూర్పిడి మిషన్లలో కూలీల చేతులు తెగిపోతుంటే 1983లో పార్లమెంటు ప్రమాదకర యంత్రాల చట్టం చేసింది. చేతులు పోయేదాకా ఆగి అప్పుడు చట్టం అడగడం కాదు, ఈ మిషను విషయంలో ముందే జాగ్రత్తపడాలి.

మూరెడు దారం చిన్న విషయమే. కానీ కూలి తగ్గేది ఎప్పుడూ ఇలాంటి చిన్న విషయాల్లోనే. దారాన్ని నానబెట్టండి, వరసగా చుట్టండి, కొసతో కోయండి, గార్డు తీయకండి. రేపు పనికి ఒప్పుకునే ముందు మాత్రం ఒక్క మాట అడగండి: "దారం ఎవరిది?"