కూల్చే ముందు మా మాట వినండి

తెలంగాణ పురపాలక శాఖ ముఖ్య కార్యదర్శి గారికి,

చెరువులను కాపాడాల్సిందే. వాటిని పూడ్చి కట్టిన గోడల వల్ల వానాకాలంలో బస్తీలు మునగడం మేమూ చూస్తున్నాం. నా విన్నపమల్లా కూల్చివేతల పద్ధతి గురించే.

2024 నవంబరు 13న సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపాలి, ఇంటికీ అంటించాలి, 15 రోజుల గడువివ్వాలి, యజమాని మాట వినాలి, కూల్చివేతను వీడియో తీయాలి. ఉల్లంఘించిన అధికారి నష్టపరిహారం తన జేబులోంచే కట్టాలి. రోడ్లు, జలవనరుల మీది అక్రమ కట్టడాలకు ఈ రక్షణ లేదన్నదీ నిజమే. కానీ ఆ స్థలం చెరువుదా, పట్టాదా అన్నదే తగాదా అయితే, దాన్ని తేల్చాల్సింది బుల్డోజరా?

సెలవు రోజున కూల్చితే ఆ ఇంటివాళ్లు స్టే కోసం ఏ కోర్టు తలుపు తడతారు? బీరువా, బియ్యం బస్తా, పిల్లల పుస్తకాలు రోడ్డున పడ్డాక సోమవారం వచ్చే ఉత్తర్వు వాళ్లకెందుకు? ఆదివారం కూల్చివేతలెందుకని 2024 సెప్టెంబరులో మన హైకోర్టూ నిలదీసింది.

చట్టప్రకారం తప్ప ఎవరి ఆస్తినీ తీసుకోరాదని రాజ్యాంగంలోని 300ఎ అధికరణం చెబుతోంది. వారాంతాల్లో, సెలవుల్లో కూల్చివేతలు ఆపుతూ లిఖితపూర్వక ఉత్తర్వు ఇవ్వండి. ప్రతి నోటీసునూ తేదీతో సహా ప్రజల ముందుంచండి.

ఇట్లు,
ఒక హైదరాబాదు పౌరుడు