మూసిన తలుపు ముందు ఇరవై తొమ్మిదేళ్లు



"మా మాట ఎవరు వింటారయ్యగారూ?" అని పొలం పనులు చేసుకొనే సహోదరులు తరచు అడుగుతుంటారు. వారికి నేను దలీప్ సింగ్ సౌంద్ సంగతి చెబుతుంటాను.

1899లో పంజాబులో పుట్టిన ఈయన 1920లో పైచదువుకు అమెరికా వెళ్లాడు. 1924లో గణితంలో డాక్టరేటు పొందాడు. అయినా చదువుకు తగిన ఉద్యోగం దొరకలేదు. కాలిఫోర్నియాలోని ఇంపీరియల్ లోయలో సేద్యానికి దిగాడు. ఆనాడు అక్కడ భారతీయులకు పౌరసత్వం లేదు, తమ పేరున భూమి కొనే హక్కు కూడా లేదు. భూమి తనది కాకపోయినా ఆయన సేద్యం మానలేదు. నోరు మూసుకొని కూర్చోనూ లేదు. తోటి భారతీయులను కూడగట్టి, చట్టం మార్చమని పోరాడాడు.

1946లో చట్టం మారింది. 1949లో ఆయన పౌరుడయ్యాడు. 1950లో స్థానిక న్యాయాధికారిగా ఎన్నికైతే, పౌరసత్వానికి ఏడాది నిండలేదని పదవి ఇవ్వలేదు. 1952లో మళ్లీ నిలబడి గెలిచాడు. 1956లో అమెరికా ప్రతినిధుల సభకే ఎన్నికయ్యాడు. భారతదేశంలో పుట్టి ఆ సభలో అడుగుపెట్టిన మొదటివాడు ఆయనే. 1958లోను, 1960లోను ప్రజలు ఆయననే తిరిగి పంపారు.

ఓటే లేని మనిషి అన్నేళ్లు అడుగుతూనే ఉన్నాడు. ఓటున్న మనం వచ్చే గ్రామసభకు వెళ్లి, మన వీధి నీళ్ల గురించైనా నోరు తెరచి అడుగుదామా?